కాలువ కంపెనీ, ఆసుపత్రి కంపెనీ

1

ఈమధ్య నంద్యాలలో పదిమంది రచయితలం కూర్చుని మాట్లాడుకుంటున్నప్పుడు, తెలుగు ఎం.ఏ. చదువుతున్న ఒక కుర్రవాడు నన్నొక ప్రశ్న అడిగాడు. "సార్, మీరు ఎప్పుడు చూసినా ప్రభుత్వ వైద్యం, ప్రభుత్వ వైద్యం అని రాస్తుంటారు. మరి మీ చిన్నాయనకు గుండెనొప్పి వచ్చినప్పుడు ఏ ఆసుపత్రికి తీసుకుపోయినారు?" నేను నిజమే చెప్పాను. ప్రైవేటు ఆసుపత్రికే తీసుకుపోయాము. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చిన తర్వాత మాత్రం ఆ నవ్వు నన్ను వదలలేదు.

ఆ ప్రశ్నలో ఒక ఆరోపణ ఉంది, ఒక సిద్ధాంతమూ ఉంది. రాసేది ఒకటి, చేసేది ఒకటి అన్నది ఆరోపణ. ప్రజలు ఏ ఆసుపత్రి గడప తొక్కుతున్నారో చూస్తే ఏది మంచిదో తెలిసిపోతుంది, ప్రభుత్వం పక్కకు తప్పుకొని మార్కెట్టుకు దారి వదిలితే మంచి వైద్యం దానంతటదే వస్తుంది అన్నది సిద్ధాంతం. ఆరోపణను నేను ఒప్పుకుంటాను. సిద్ధాంతాన్ని మాత్రం చరిత్ర ముందు నిలబెట్టి ప్రశ్నించవలసి ఉంది.

నేను వైద్యం చదివినవాణ్ణి కాను, ఆర్థికశాస్త్రవేత్తనూ కాను. సంజామలలో పుట్టాను. ఒకప్పుడు కోవెలకుంట్ల తాలూకాలో ఉండి, తర్వాత మండల కేంద్రమై, 2022 నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చిన ఊరు అది. నల్లరేగడి నేల, జొన్న, పత్తి, శనగ, ఎప్పుడు వస్తుందో తెలియని వాన. ప్రభుత్వమా, మార్కెట్టా అన్న వాదన లండన్‌లోనో అమెరికా విశ్వవిద్యాలయాల్లోనో పుట్టి మన దగ్గరకు నడిచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఆ వాదన మా నేలమీద నూట యాభై ఏళ్ల కిందటే జరిగింది. దాని ఫలితం కూడా మా నేలమీదే ఉంది, మనం చూడడం లేదు.

2

మొదట కాలువ సంగతి చెప్పాలి. వైద్యం గురించి మొదలుపెట్టి కాలువ దగ్గరకు ఎందుకు పోయాడని పాఠకులు అనుకోవచ్చు. కొంచెం ఓపిక పట్టమని కోరుతున్నాను.

1858లో ఇంగ్లండులో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే వాటాదార్ల సంస్థ ఏర్పడింది. తుంగభద్రకు సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, నంద్యాల ప్రాంతం మీదుగా కడప దాకా కాలువ తవ్వి, రైతులకు నీళ్లు అమ్ముకోవడం దాని ఉద్దేశం. ఇప్పుడు మనం కె.సి. కెనాల్ అంటున్నది అదే. ఆర్థర్ కాటన్ వంటి వారి ఆశీస్సులు దానికి ఉన్నాయి. ప్రభుత్వం చేయలేని పనిని ప్రైవేటు పెట్టుబడి చేసి చూపిస్తుందని ఆనాటి వాళ్లు గట్టిగా నమ్మారు.

అయితే ఆ పెట్టుబడి ఒంటరిగా రాలేదు. పది లక్షల పౌన్ల మూలధనంమీద నూటికి 5 చొప్పున వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఆ హామీ సొమ్ము భారతదేశపు ఖజానానుంచి పోవాలి. అంటే రైతు కట్టిన శిస్తునుంచి. కాలువలో నీళ్లు పారినా పారకపోయినా, రైతు కొన్నా కొనకపోయినా, వాటాదారుకు వడ్డీ అందుతుంది.

కాలువ 1860లలో తవ్వారు. వానమీద జొన్న, పత్తి పండించుకునే రేగడి రైతు డబ్బిచ్చి నీళ్లు కొనడానికి అనుకున్నంతగా ముందుకు రాలేదు. కంపెనీ లెక్కలు తలకిందులైనాయి. చివరకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనుక్కుంది. ఆ తర్వాత అది ప్రభుత్వ కాలువగానే మా పొలాలకు నీళ్లిచ్చింది, ఇస్తున్నది.

ఇందులో ఎవరు ఎవరితో పోటీపడ్డారు? ప్రభుత్వం ఒకవైపు, మార్కెట్టు ఒకవైపు నిలబడి పోట్లాడుకున్నాయా? లేదు. లాభం వస్తే కంపెనీది, నష్టం వస్తే ఖజానాది అనే ఒప్పందం మీద రెండూ చేతులు కలిపాయి. ఆ ఒప్పందంలో సంతకం పెట్టనివాడు, దాని ఖర్చు భరించినవాడు ఒక్కడే, రైతు. ఈ సంగతి గుర్తుంచుకుని ముందుకు పోదాం.

3

కాలువ ఉండగానే 1876లో కరువు వచ్చింది. మా జేజి దాన్ని ధాత కరువు అనేది. ఆమె చూసింది కాదు, తన జేజి నోట విన్నది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1876–78 కరువుకు ఎక్కువగా బలైన జిల్లాల్లో కర్నూలు ఒకటి. 1871 జనాభా లెక్కకూ 1881 జనాభా లెక్కకూ మధ్య ఈ జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఆకలి, దాని వెనకే కలరా, జ్వరాలు.

మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు ప్రభుత్వం తరఫున రహస్యంగా ధాన్యం కొనిపించాడు. కలకత్తాలోని భారత ప్రభుత్వానికి ఆ సంగతి తెలిసి అది ఆగ్రహించింది. ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టరాదు, ధర పెరిగితే సరుకు దానంతటదే వస్తుంది అన్నది వారి వాదం. వైస్రాయి లిట్టన్, సర్ రిచర్డ్ టెంపుల్‌ను 1877 జనవరిలో మద్రాసుకు పంపాడు. ఈ టెంపుల్ 1874లో బీహారు కరువులో ధారాళంగా ఖర్చుపెట్టి జనాన్ని కాపాడి, దుబారా మనిషి అని పైవాళ్లచేత తిట్లు తిన్నవాడు. ఈసారి ఆ పేరు పోగొట్టుకోవాలనుకున్నాడు. కరువు పనుల్లో రాళ్లుకొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి చిల్లర చాలునని నిర్ణయించాడు.

అప్పుడు ఎదురుతిరిగింది ఒక డాక్టరు. మద్రాసు శానిటరీ కమిషనరు డబ్ల్యు.ఆర్. కార్నిష్. ఒక పౌను ధాన్యంతో మనిషి పనిచేయలేడు, పనిచేయలేకపోవడమే కాదు, బతకలేడు అని శరీరశాస్త్రం ఆధారంగా వాదించాడు. పప్పు కావాలి, కూర కావాలి, ధాన్యం కనీసం ఒకటిన్నర పౌన్లు ఉండాలి అన్నాడు. ఆ వాదన కాగితాలమీద నెలల తరబడి సాగింది. 1877 మే నెలలో మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. అప్పటికి ఎందరో పోయారు.

కార్నిష్ మన విప్లవకారుడేమీ కాదు. సామ్రాజ్యం జీతం తిన్న ఉద్యోగి. అయినా అతడు లేవనెత్తిన ప్రశ్న ఇవాళ్టిది కూడా. మనిషికి బతకడానికి ఎంత కావాలో తేల్చవలసింది శరీరమా, బడ్జెట్టా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ధైర్యం అతనికి ఎలా వచ్చింది? అతని జీతం ధాన్యం అమ్మకంమీద ఆధారపడి లేదు గనుక. ప్రజల ఆరోగ్యాన్ని చూడడమే అతని ఉద్యోగం గనుక. ప్రభుత్వ వైద్యం అంటే ఉచితంగా ఇచ్చే మాత్ర మాత్రమే కాదు. డబ్బున్నవాడికి, అధికారమున్నవాడికి ఎదురు మాట చెప్పగల ఒక ఉద్యోగం కూడా. మార్కెట్టులో ఆ ఉద్యోగం ఉండదు.

4

ఇక మన రంగానికి, అంటే సాహిత్యానికి దగ్గరైన ఒక సంగతి. మందుల వ్యాపారాన్ని నిందించేటప్పుడు తెలుగు రచయిత కొంచెం తలవంచుకుని నిందించాలి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం మొదలుపెట్టారు. 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి ఆయన స్థాపించినవే. కె.ఎన్. కేసరి మద్రాసులో మందుల వ్యాపారం చేసి, గృహలక్ష్మి పత్రిక నడిపారు. ఒక తరం తెలుగు విమర్శ, కథ, పరిశోధన అచ్చయిన కాగితం వెనక తలనొప్పి మందు సీసా ఉంది. మార్కెట్టు అంతా పాపమేనన్న మాట నేను అనను, అనలేను.

కాని ఇక్కడ ఒక తేడా ఉంది. అమృతాంజనం కొన్నవాడు నుదుటికి రాసుకుంటాడు. గడియలో తలనొప్పి తగ్గిందో లేదో అతనికే తెలుస్తుంది. తగ్గకపోతే మళ్లీ కొనడు. అక్కడ కొనేవాడికి తీర్పు చెప్పే శక్తి ఉంది. గుండెకు ఆపరేషను చెయ్యాలని డాక్టరు చెప్పినప్పుడు నా చిన్నాయనకు ఆ శక్తి ఉందా? ఆ ఆపరేషను అవసరమా కాదా, ఈ పరీక్ష కావాలా వద్దా అన్నది అమ్మేవాడే చెబుతాడు. బేరం ఆడటానికి టైము లేదు. ఇంకో అంగడికి పోవడానికి కాళ్లు లేవు. అమెరికా ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1963లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో చూపించింది ఇదే. వైద్యంలో అమ్మేవాడికీ కొనేవాడికీ తెలివిడిలో ఉన్న అంతరంవల్ల మామూలు సరుకుల సూత్రం దానికి పనికిరాదు. అంతకు ఏడాది ముందే, 1962లో, మిల్టన్ ఫ్రీడ్‌మన్ డాక్టర్లకు ప్రభుత్వ లైసెన్సు కూడా అక్కరలేదని, మార్కెట్టే మంచిచెడ్డలు తేలుస్తుందని రాశాడు. ఆరో కమ్యూనిస్టు కాడు. మార్కెట్టు శాస్త్రాన్ని లోతుగా చదివినవాడే ఇది అన్ని సరుకులవంటి సరుకు కాదన్నాడు.

భారతి పుట్టిన ఆ 1924 ప్రాంతంలోనే మద్రాసు ప్రెసిడెన్సీలో మరో ప్రయోగం జరిగింది. అప్పటి ముఖ్యమంత్రి పానగల్ రాజా, తెలుగువాడు. పల్లెల్లో డాక్టర్లు లేరు, ప్రభుత్వం జీతమిచ్చి అందరినీ పంపలేదు. కనుక పల్లెలో కాపురముండే డాక్టరుకు ఏటా కొంత సొమ్ము సహాయంగా ఇస్తారు. అతడు పేదలకు ఉచితంగా చూడాలి, ఉన్నవాళ్ల దగ్గర ఫీజు తీసుకోవచ్చు. ఆలోచన మంచిదే. పట్నం వదలని డాక్టర్ని పల్లెకు తేవాలనే తపన అందులో ఉంది. చిక్కు కూడా అందులోనే ఉంది. ప్రభుత్వమిచ్చే సొమ్ము అరకొర. అతని సంసారం గడవాలంటే ఫీజు ఇచ్చేవాడు కావాలి. ఫీజు ఇచ్చే రెడ్డిగారి జ్వరానికీ, ఇవ్వలేని మాలపల్లె జ్వరానికీ ఒకేసారి పిలుపు వస్తే డాక్టరు ఎటు పోతాడు? అతని మంచితనంమీద ఆధారపడే ఏర్పాటు ఏర్పాటు కాదు.

5

ఈ చిక్కును విప్పడానికి ప్రయత్నించింది భోర్ కమిటీ. 1943లో నియమించారు, 1946లో నివేదిక వచ్చింది. యుద్ధం నడుస్తున్న రోజుల్లో, దేశం ఇంకా పరాయి పాలనలో ఉండగా, డబ్బు చెల్లించలేని కారణంచేత ఎవరికీ వైద్యం అందకుండా పోరాదని అది మొదటి సూత్రంగా పెట్టుకుంది. మొదటి దశలో 40,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, పూర్తికాలపు జీతం తీసుకునే డాక్టర్లు, వారికి ప్రైవేటు ప్రాక్టీసు నిషేధం. ఇంగ్లండు 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవను ప్రారంభించి అలాంటి సూత్రాన్నే ఆచరణలో పెట్టింది. మనం 1952 నుంచి ఆరోగ్య కేంద్రాలు తెరిచాం గాని, భోర్ అడిగినంత డబ్బు, అడిగినంతమంది మనుషులు వాటికి ఎన్నడూ దక్కలేదు. సూత్రాన్ని ఆమోదించి బడ్జెట్టును కాదన్నాం.

అయినా ఆ సగం ప్రయత్నం ఏం చేసిందో నాకు తెలుసు. 1970ల మొదట్లో మా అక్కకు పురుడు అడ్డం తిరిగింది. రెండు రోజులు మంత్రసాని చేతులెత్తేసింది. మా నాయన బండి కట్టించి కోవెలకుంట్ల ఆసుపత్రికి తీసుకుపోయాడు. నేను బండి వెనక నడిచాను. అక్కడ ఒక నర్సమ్మ రాత్రంతా మేలుకుని తల్లినీ బిడ్డనూ నిలబెట్టింది. తెల్లవారి మా నాయన ఐదు రూపాయలు ఇవ్వబోతే ఆమె, "నాకు జీతముందప్పా, ఆ పాపకు ఏమన్నా కొనియ్యి" అన్నది. ఆ మాట నాకు యాభై ఏళ్లుగా గుర్తుంది. ప్రభుత్వ వైద్యాన్ని గురించి నేను చదివిన పుస్తకాలన్నీ ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానాలే.

ఇక్కడితో ఆపితే నేను అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. పదేళ్లు గడిచాక ఇంకొక ఊళ్లో, ఇంకొక ప్రభుత్వ ఆసుపత్రిలో, మా నాయనకు దగ్గులో రక్తం పడుతున్నప్పుడు డాక్టరు కుర్చీ మూడు రోజులు ఖాళీగా ఉంది. సాయంత్రం ఇంటి దగ్గర చూస్తాడని బంట్రోతు చెప్పాడు. ఇంటి దగ్గర ఫీజు. మళ్లీ ఆసుపత్రికి పోయి పడక కావాలంటే దానికీ ఫీజు. సూది వేయించుకోవడానికి ఊళ్లో సైకిలుమీద తిరిగే ఆర్.ఎం.పి. డాక్టరే నయమని మా పల్లెలన్నీ అనుకున్నాయంటే, అది జనం అజ్ఞానం కాదు. అతడు పిలిస్తే పలికేవాడు, అప్పు పెట్టేవాడు, ఇంటిమనిషిలా మాట్లాడేవాడు.

మన ప్రగతిశీల మిత్రులు కొందరు ఈ భాగాన్ని దాటేసి మాట్లాడతారు. దాటేయకూడదు. ప్రభుత్వ ఆసుపత్రిలో పేదవాడు అనుభవించిన అవమానమే ప్రైవేటు ఆసుపత్రికి మొదటి పెట్టుబడి. అయితే ఆ అవమానం ఎలా పుట్టిందో చూడండి. ప్రభుత్వ కుర్చీలో కూర్చుని ఫీజుకోసం ఎదురుచూసిన ఆ డాక్టరు ప్రభుత్వమా, మార్కెట్టా? ఖజానా జీతంమీద, ఖజానా భవనంలో కూర్చుని తన అంగడికి గిరాకీ వెతుక్కున్నవాడు అతడు. 1858 నాటి కాలువ కంపెనీ నమూనాయే అది, ఒక్క మనిషిలో.

6

1983లో మద్రాసులో అపోలో ఆసుపత్రి తెరుచుకుంది. స్థాపించినవారు చిత్తూరు జిల్లా అరగొండకు చెందిన ప్రతాప్ సి. రెడ్డి. 1988లో హైదరాబాదుకు వచ్చింది. అంతవరకు ప్రైవేటు వైద్యమంటే ఒక డాక్టరు, ఒక నర్సింగ్ హోము. ఇప్పుడు వాటాలు అమ్మే కంపెనీ ఆసుపత్రి నడపడం మొదలైంది. అంతకుముందు గుండె ఆపరేషనుకు విదేశాలకు పోయినవాళ్లు ఇక్కడే చేయించుకోగలిగారు. నైపుణ్యం పెరిగింది. ఆ సంగతి కాదనలేం.

ఈ రంగం కూడా ప్రభుత్వం చెయ్యి పట్టుకునే పెరిగింది. 1988లో కేంద్రప్రభుత్వం ఆసుపత్రులు దిగుమతి చేసుకునే యంత్రాలమీద సుంకం మినహాయించింది. బయటి రోగుల్లో నూటికి 40 మందిని ఉచితంగా చూడాలి, పడకల్లో నూటికి 10 పేదలకు ఉంచాలి అన్నది అందులో షరతు. ఆ షరతును అమలు చేయించడం ప్రభుత్వ బాధ్యత అని 1997లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో గుర్తుచేయవలసి వచ్చిందంటే, అది ఎంత అమలైందో అర్థం చేసుకోవచ్చు. మినహాయింపు మొదటి రోజే చేతికి వస్తుంది. షరతు మాత్రం కాగితంమీద మిగులుతుంది.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలై తర్వాత రాష్ట్రమంతా విస్తరించింది. ప్రభుత్వం డబ్బు కడుతుంది, రోగి కార్డు చూపించి జాబితాలో ఉన్న ఆసుపత్రిలో చేరతాడు. దీన్ని ఒక్క మాటతో కొట్టిపారేసే విమర్శకులతో నేను ఏకీభవించను. కూలివాడి బిడ్డ గుండెలో రంధ్రానికి పెద్ద ఆసుపత్రిలో ఆపరేషను జరగడం సామాన్యమైన సంగతి కాదు. బతికిన బిడ్డ ముందు నిలబడి మన సిద్ధాంతాలు వినిపించలేం.

కాని లెక్క చూడాలి. నా చిన్నాయన ఆపరేషను కార్డుమీదే జరిగింది. దానికి ముందు ఏది గుండెనొప్పో ఏది గ్యాసునొప్పో తేల్చడానికి చేసిన పరీక్షలకు కార్డు లేదు. నంద్యాలకు, కర్నూలుకు తిరిగిన కారుకు కార్డు లేదు. ఇంటికి వచ్చిన తర్వాత బతికినన్నాళ్లు వేసుకోవలసిన మాత్రలకు అంగడిలో డబ్బే. ఆయన రెండెకరాల రేగడి అమ్మాడు. "ఆపరేషను ఫ్రీనే లేరా, రోగమే శానా పిరం" అన్నాడు నవ్వుతూ. ఆ యువకుడికి నేను చెప్పవలసిన జవాబు ఆ రోజు నాకు తట్టలేదు, చిన్నాయన అంతకుముందే చెప్పి ఉన్నాడు. ఆయన ప్రైవేటు ఆసుపత్రిని ఎంచుకోలేదు. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో గుండె డాక్టరు లేకపోతే, ప్రభుత్వం డబ్బుకట్టి పంపిన చోటికి పోయాడు. దాన్ని ఎంపిక అనడం మాటలతో మోసం చేయడమే.

ఖజానా సొమ్ము ఒకవైపు పారితే ఇంకోవైపు ఎండుతుంది. ఆపరేషనుకు ఇంత అని రేటు కట్టి ఇస్తే, ఆపరేషనుకు పనికివచ్చే రోగం ముందుకు వస్తుంది. క్షయ, రక్తహీనత, బి.పి., పాముకాటు, పురుడు వెనక్కి పోతాయి. అనవసరమైన గర్భసంచి ఆపరేషన్లమీద విమర్శలు వచ్చిన తర్వాత కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది కూడా. 2024లో ఈ పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది. బకాయిలు చెల్లించలేదని 2025లో ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపాయి. అప్పుడు కార్డు చేతిలో పట్టుకున్న రోగి ఎక్కడికి పోవాలి? తన ఊరి ఆసుపత్రికి. దాన్ని మనం ఎండబెట్టి ఉంచాం.

వేల్స్‌లో గనికార్మికుల మధ్య పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు 1971లో ఒక నియమాన్ని చెప్పాడు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికి తక్కువ దొరుకుతుంది, మార్కెట్టు శక్తులకు ఎంత వదిలేస్తే ఆ అన్యాయం అంత పెరుగుతుంది అన్నది దాని సారం. సంజామల నుంచి నంద్యాలకు, నంద్యాల నుంచి హైదరాబాదుకు పోయేకొద్దీ డాక్టర్ల బోర్డులు ఎలా చిక్కబడతాయో బస్సు కిటికీలోంచి చూసినవాడికి ఈ నియమం కొత్తగా చెప్పనక్కరలేదు.

7

కర్నూలు రాష్ట్రానికి రాజధానిగా ఉన్న కాలం ముగిసేనాటికి, 1956–57లో, అక్కడ మెడికల్ కాలేజీ ఏర్పడింది. రాజధాని పోయింది, కాలేజీ మిగిలింది. దాని ఆసుపత్రి ఇవాళ్టికీ మూడు రాష్ట్రాల పేదలకు దిక్కు. 2023లో నంద్యాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ తెరిచినప్పుడు నేను సంతోషించాను. కాని ఆ ఏడాది తెరిచిన ఐదు కొత్త ప్రభుత్వ కాలేజీల్లో 107, 108 నంబర్ల జీవోలతో సీట్లలో కొంత భాగాన్ని లక్షల ఫీజుకు అమ్మే పద్ధతి వచ్చింది. బోర్డుమీద ప్రభుత్వం, లోపల అంగడి. ప్రభుత్వం మారింది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం మా పక్కనున్న ఆదోనితో సహా పది కొత్త మెడికల్ కాలేజీలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టి నడిపించాలని నిర్ణయించింది. ఒక పార్టీ సీట్లను అమ్మితే ఇంకొక పార్టీ కాలేజీనే అప్పగించింది. ఒకరినొకరు తిట్టుకుంటున్న ఈ రెండు పక్షాలకూ దారి ఒకటే, వేగం వేరు.

ఖజానాలో డబ్బు లేదు, ప్రైవేటువాళ్లయితే తొందరగా కడతారు, పేదలకు కొన్ని పడకలు, కొన్ని సీట్లు ఎలాగూ ఉంటాయి అంటారు. ఇది ఉబుసుపోక చెప్పే వాదన కాదు. ప్రభుత్వం పనులు నత్తనడకన సాగుతాయన్నది నిజం. నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గం 1996–97లో మంజూరై, 2016లో గాని పూర్తికాలేదు. ఇరవై ఏళ్లు. కాని ఏ లాభం లెక్క చూసి ఆ రైలు సంజామలలో ఆగుతుంది? ఏ కంపెనీ అక్కడ స్టేషను కడుతుంది? ఆలస్యానికి మందు పని త్వరగా చేయించడం. ఆస్తిని అప్పగించడం కాదు.

భూమి ప్రభుత్వానిది. రోగుల్లో ఎక్కువమందికి డబ్బు కట్టేది ప్రభుత్వమే. నడపలేనని సంస్థ వెళ్లిపోతే మళ్లీ తీసుకోవలసింది కూడా ప్రభుత్వమే. ఇందులో ప్రైవేటు సాహసం ఎక్కడుంది? 1858లో కాలువ కంపెనీకి ఇచ్చిన హామీకీ దీనికీ తేడా ఏమిటి? చూడవలసిన సంగతి ఇదే. మా నేలమీద మార్కెట్టు ఎన్నడూ తన కాళ్లమీద నిలబడి పోటీచేయలేదు. ఖజానా భుజంమీద ఎక్కి వచ్చింది. కనుక మనం ప్రభుత్వమా, మార్కెట్టా అని అడిగితే సగమే అడిగినట్టు. ఖజానా ఎవరిది, దాని తాళం ఎవరి చేతిలో ఉంది అని అడగాలి. ప్రజల ఆధీనంలో లేని ప్రభుత్వ ఆసుపత్రి ఎలా ఖాళీ కుర్చీ అవుతుందో చూశాం. కంపెనీ చేతిలో పెట్టిన ప్రజాధనం ఎటు పోతుందో కూడా చూశాం.

మరో దారి ఎవరూ వెయ్యలేదా అంటే, వేశారు. నెల్లూరులో పుచ్చలపల్లి సుందరయ్యగారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి ప్రజావైద్యశాలను నడిపారు. తక్కువ ఖర్చుతో వైద్యం చేయడమే కాక, పల్లెల్లో పనిచేసే వారికి శిక్షణ ఇచ్చారు. పిలిస్తే పలికే ఆ సైకిలు డాక్టర్ని వెక్కిరించకుండా అతనికి శాస్త్రం నేర్పడమన్నమాట. ఒక్క వైద్యశాల రాష్ట్రానికి చాలదు. కాని జీతం కోసం పనిచేసే డాక్టరు, లెక్క అడిగే జనం, ఈ రెండూ ఒకచోట కలవగలవని అది రుజువు చేసింది.

చివరగా రచయితలకు ఒక మాట. డాక్టరు మన నవలల్లో ప్రేమికుడుగా వచ్చాడు, త్యాగమూర్తిగా వచ్చాడు. కోడూరి కౌసల్యాదేవి చక్రభ్రమణం 1964లో డాక్టర్ చక్రవర్తి సినిమా అయి జనం గుండెల్లో నిలిచింది. డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో పనిచేసిన కేశవరెడ్డి వంటి గొప్ప నవలాకారుడు డాక్టర్లలోనుంచే వచ్చాడు. రాయలసీమ కథకులు కరువు రాశారు, ఫ్యాక్షను రాశారు. కాని ఆసుపత్రి బిల్లు, డిపాజిట్టు కౌంటరు, అమ్మిన రెండెకరాలు మన కథల్లో రావలసినంతగా రాలేదని నాకనిపిస్తుంది. కరువు ఏడాది పొలం అమ్మినవాణ్ణి మనం చూశాం. మంచి పంట వచ్చిన ఏడాది కూడా పొలం అమ్మినవాణ్ణి చూడలేదు.

ఆ కుర్రవాడు మళ్లీ కలిస్తే అతణ్ణి నాతో సంజామలకు రమ్మంటాను. రైలు దిగి నడిచిపోతే మండల కేంద్రంలో ఆరోగ్య కేంద్రం ఉంది. దాని ముందు కాసేపు కూర్చుందాం. ఎవరు వస్తున్నారు, ఏ జబ్బుతో వస్తున్నారు, ఎవరు మందు దొరికి ఇంటికి పోతున్నారు, ఎవరు చీటీ పట్టుకుని బస్సు ఎక్కుతున్నారు, చూద్దాం. ఆ తర్వాత అతడు ఏం రాసినా చదవడానికి నేను సిద్ధం.